దీవెనమ్మ గారి గేటు

దీవెనమ్మ గారిని ఏదైనా అడిగితే జవాబు చెప్పరు. అది ఆవిడ అలవాటు. గిట్టనివాళ్లు జబ్బంటారు. నలభై రెండేళ్ల కిందట, నాకు పదహారేళ్లప్పుడు, ఆవిడ అరుగు మీద కూర్చుని మొదటిసారి లేసు సూది చేతబట్టి, "టీచరు గారూ, దారం ఎంత బిగువుగా పట్టుకోవాలండి?" అని అడిగాను. ఆవిడ మాట్లాడకుండా లోపలికెళ్లి, అప్పుడప్పుడే కళ్లు తెరిచిన పిల్లికూనని తెచ్చి నా చేతిలో పెట్టి, "కాఫీ కలుపుకొస్తాను, ఇది పట్టుకో" అని వెళ్లిపోయారు. గట్టిగా పట్టుకుంటే అరుస్తుంది, వదులుగా పట్టుకుంటే దూకుతుంది. కాఫీ వచ్చేసరికి నా చేతికి సంగతి తెలిసింది. బుర్రకి తెలియడానికి ఇంకో ఏడాది పట్టిందనుకోండి.

అలాంటి మనిషిని పోయిన వేసవిలో మా హెప్సిబా ఒక ప్రశ్న అడిగింది. ఆ ప్రశ్నకి ఆవిడ ఇచ్చిన జవాబు నేను కళ్లారా చూశాను. చూస్తున్నంతసేపూ సిగ్గుతో చచ్చాను. అయినా సరే, చెప్పకుండా ఉండలేను.

ముందు మా సంగతి కాస్త చెప్పాలి. నరసాపురానికి అవతల, గోదావరి సముద్రంలో కలవబోయే చోట మా ఊరు. ఇక్కడ ఆడవాళ్లం లేసు అల్లుతాం. షావుకారు దారం ఇస్తాడు, మేం అల్లి ఇస్తాం, ఆయన పట్టుకుపోతాడు. అది ఏ ఊరు వెళ్లిందో, ఎవరింట్లో బల్ల మీద పరుచుకుందో మాకు తెలీదు. అల్లినవాళ్లెవరో ఆ ఇంటివాళ్లకీ తెలీదు. మా అమ్మ అలాగే అల్లింది, ఆవిడ అమ్మా అలాగే అల్లింది. రెండేళ్ల కిందట ఇరవై ఆరుగురం కలిసి ఒక సంఘం పెట్టుకున్నాం. ఇకమీదట మన సరుకు మనమే అమ్ముకుందాం అన్న మాట మొదట అన్నది హెప్సిబా. దీవెనమ్మ గారి దగ్గర అందరికంటే ఆఖరున నేర్చుకున్న పిల్ల. భీమవరంలో డిగ్రీ చదివింది, కంప్యూటరు పని కూడా వచ్చు. సంఘం కోసం తనే కూర్చుని ఒక వెబ్‌సైట్ తయారుచేసింది. తయారై ఎనిమిది నెలలైనా అందులోంచి ఒక్క బేరం రాలేదు. అమ్మబోతే అడివి, కొనబోతే కొరివి అని ఊరికే అన్లేదు పెద్దవాళ్లు.

షావుకారు గారు ఇవన్నీ చూస్తూనే ఉన్నారు. వేసవి సెలవుల్లో ఒకరోజు మా వీధికొచ్చి, కోపం లేకుండా, నవ్వుతూనే ఒక మాట చెప్పి వెళ్లారు. "బడులు తెరిచే సోమవారం దారం వ్యాను పంపుతానమ్మా. ఆ రోజు దారం తీసుకున్నవాళ్లు నావాళ్లు. తీసుకోనివాళ్లు మళ్లీ నా గుమ్మం తొక్కక్కర్లేదు." అప్పటికే ఐదుగురు ఆయన వైపు వెళ్లిపోయారు. మిగిలిన ఇరవై ఒక్కమందిలో సగం మంది ఆ సోమవారం కోసం వేళ్ల మీద రోజులు లెక్కపెట్టుకుంటున్నారు. వాళ్లు వెళితే సంఘానికి తాళమే. నిజం చెప్పొద్దూ, ఆ వెళ్లేవాళ్లలో నేనూ ఉన్నాను. నా పేరు రాసుకోమని షావుకారి గుమస్తాకి చాటుగా కబురు కూడా పంపాను. హెప్సిబా మొహం చూసి ఆ మాట చెప్పే ధైర్యం మాత్రం లేకపోయింది.

అదిగో, ఆ రోజుల్లోనే ఒక సాయంత్రం దీవెనమ్మ గారి అరుగు మీద హెప్సిబా అడిగింది. చేతిలో ఫోను, కళ్లల్లో నీళ్లు.

"టీచరమ్మా, మన సైటుకి వెయ్యిమందికి పైగా వచ్చారు. వచ్చినట్టు ఇందులో కనబడుతోంది. వచ్చినవాళ్లు వచ్చినట్టే వెళ్లిపోతున్నారు. ఎందుకు వెళ్లిపోతున్నారండి? మన లేసు బాగాలేదా? చేతిపనికి కాలం చెల్లిపోయిందా?"

నేను ఊరుకోలేక, "మన పనికేం లోటే? గాడిదకేం తెలుసు గంధప్పొడి వాసన" అన్నాను. దీవెనమ్మ గారు నా వైపు ఒకసారి చూసి, ఫోను అందుకుని, కళ్లజోడు పెట్టుకున్నారు. ఆవిడకి డెబ్బై ఎనిమిదేళ్లు. అయినా ఫోను బాగానే నొక్కుతారు. ఒక పేజీ నొక్కి, అది తెరుచుకునేదాకా విసనకర్రతో విసురుకుంటూ కూర్చున్నారు. మళ్లీ ఒకటి నొక్కి మళ్లీ విసురుకున్నారు. పొయ్యి మీద అన్నం ఉడికేంతసేపు అలా చూసి, ఫోను తిరిగిచ్చేసి, "పొద్దుపోయింది, ఇళ్లకెళ్లండి" అన్నారు. అంతే. హెప్సిబా ఆశగా నిలబడింది గానీ ఆవిడ విసనకర్ర పట్టుకుని లోపలికెళ్లిపోయారు.

మర్నాడు కబురు పంపారు. "బుధవారం పదింటికి ఒకావిడ లేసు చూడ్డానికి వస్తున్నారు. ఇద్దరూ రండి. మంగాయమ్మని ద్రాక్షతీగ తెమ్మను."

మంగాయమ్మ అంటే నేనే. ద్రాక్షతీగ అంటే పెద్ద బల్ల మీద పరిచే నా లేసు. ఏడు నెలలు అల్లాను. ఒక మూల మొదలైన తీగ చుట్టూ తిరిగి, గుత్తులు గుత్తులుగా కాసి, మళ్లీ ఆ మూలకే వస్తుంది. నా చేతిలోంచి అంతకంటే మంచిది రాలేదు, ఇక రాదు కూడా. పాత చీరలో చుట్టి చంకన పెట్టుకుని వెళ్లాను. హెప్సిబా అయితే తలంటుకుని, ముదురు నీలం చున్నీ వేసుకుని, పెళ్లిచూపులకి వచ్చినట్టు వచ్చింది. ఆ బేరం కుదిరితే సోమవారం వెళ్లేవాళ్లు ఆగుతారు, కుదరకపోతే ఆగరు. అది ఇద్దరికీ తెలుసు.

రోళ్లు పగిలే రోహిణి కార్తె వెళ్లిపోయిందన్న మాటే గానీ ఎండ మాత్రం వెళ్లలేదు. వీధిలో కారు ఆగింది. యాభై దాటిన ఒకావిడ, నేత చీర, చేతిలో గొడుగు, దిగి గేటు దగ్గరికొచ్చారు. అప్పుడు చూశాను, గేటుకి గొలుసు వేసి ఉంది. నేనెరిగిన నలభై రెండేళ్లలో పగటిపూట ఆ గేటు మూసి ఉండటం చూడలేదు. హెప్సిబా లేవబోతే దీవెనమ్మ గారు భుజం మీద చెయ్యి వేసి కూర్చోబెట్టారు. "ఈ పూట బేరం నాది. మీరిద్దరూ చూడండి చాలు."

"నమస్కారమండి. నా పేరు ఇందుమతి. భీమిలి నుంచి వచ్చాను, లేసు చూద్దామని" అన్నారావిడ.

"తెరుచుకుంటోందండి, ఆగండి" అన్నారు దీవెనమ్మ గారు. గొలుసు ఒక చుట్టు విప్పి చేతులు దులుపుకున్నారు. ఇంకో చుట్టు విప్పి ఆకాశం చూశారు. తర్వాత గేటుని ఒక జానెడు లాగి ఆగారు. మళ్లీ ఒక జానెడు. ఇందుమతి గారు గొడుగు ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నారు. ఆ గేటు మనిషి పట్టేంత తెరుచుకునేసరికి నాకు చెమటలు పట్టేశాయి. మా గోదావరి వాళ్లం తగువుకొచ్చిన మనిషికైనా ముందు మంచినీళ్లిచ్చి, తాగాక తగువు మొదలెడతాం. అలాంటిది అంత దూరం నుంచి వచ్చిన మనిషి అరుగు ఎక్కితే ఆ మహాతల్లి నీళ్లివ్వలేదు, కూర్చోమనలేదు. లోపలికెళ్లి పటాలు కట్టించిన ఫోటోలు తెచ్చి ఒక్కొక్కటే ఆవిడ మొహం ముందు పెట్టడం మొదలుపెట్టారు.

"ఈయన మా సంఘం ప్రారంభోత్సవానికి వచ్చిన ముఖ్య అతిథి గారండి. ఇక్కడ దీపం వెలిగిస్తున్నారు. ఇది దీపం వెలిగించాక. ఇది ఆయనకి శాలువా కప్పుతున్నది. ఇది శాలువాతో ఆయన."

"బాగున్నాయండి. మరి లేసు…"

"వస్తుందండి. ముందు ఇవి దాటాలి."

అక్కడ నాకు మొదటి ముల్లు గుచ్చుకుంది. ఎందుకంటే ఆ ఫోటోలు సైటులో మొదటి పేజీ నిండా పెట్టించింది నేనే. శాలువా ఫోటోలో పూలకుండీ వెనక నా మొహం సగం కనబడుతుంది. అది లేకపోతే సంతకం పెట్టనని సంఘంలో భీష్మించుకుని కూర్చున్నాను. చెట్టు పేరు చెప్పి కాయలమ్ముకుంటారంటారు, మేం చెట్టు చూపించి కాయలు దాచేశాం. అయినా అప్పటికింకా నాకు పూర్తిగా వెలగలేదు. ముసలావిడకి మతి చలించిందేమోనని భయపడ్డాను, అంతే.

తర్వాత ఆవిడ ఒక తెల్ల దుప్పటి తెచ్చి చాప మీద పరిచి, నా ద్రాక్షతీగని దాని మీద పరిచారు. తెల్ల దుప్పటి మీద తెల్ల లేసు. ఇందుమతి గారు కళ్లు చికిలించి చూశారు.

"ఎక్కడండీ?"

"అదేనండి."

"దుప్పటి కనబడుతోందండి."

దగ్గరగా చూద్దామని ఆవిడ వంగారు. దీవెనమ్మ గారు ఒక నోటు పుస్తకం తెచ్చి లేసుకీ ఆవిడ కళ్లకీ మధ్యన పెట్టారు. "మీ ఫోను నంబరు రాయండి. కొత్త డిజైన్లు వచ్చినప్పుడల్లా కబురు చేస్తాం."

"పాతవే ఇంకా చూడలేదు కదండీ" అన్నారావిడ. పుస్తకం పక్కకి జరిపి మళ్లీ వంగితే మళ్లీ పుస్తకం అడ్డొచ్చింది. మూడోసారి ఆవిడ వంగడం మానేసి నిటారుగా నిలబడి, "సరే, ఇది ఎంతండి?" అన్నారు.

"ధర కోసం సంప్రదించండి."

"ఎవరిని?"

"నన్నేనండి."

"మీరు ఎదురుగానే ఉన్నారుగా. చెప్పండి మరి."

"సంప్రదించండి."

నా పక్కన హెప్సిబా చున్నీ అంచు మొహానికి అడ్డం పెట్టుకుంది. ధర రాస్తే షావుకారికి తెలిసిపోతుందని మేమందరం పట్టుబట్టి ఆ పిల్ల చేత రాయించిన మాట అది. సైటులో ప్రతి బొమ్మ కిందా ఉంది. అప్పుడు నాకూ వెలిగింది. గేటు అలా ఎందుకు తెరిచారో, ఆ ఫోటోలేమిటో, ఆ దుప్పటేమిటో వరసగా తెలిసిపోతుంటే కూర్చున్న చాప కింద దూరిపోదామనిపించింది. కానీ ఎదురుగా నిలబడింది బొమ్మ కాదు, నిజమైన మనిషి. ఇరవై ఒక్కమంది కూడు ఆవిడ చేతిలో ఉంది. పాఠం చెప్పుకోవడానికి ఇదా సమయం అని దీవెనమ్మ గారి మీద ఒళ్లు మండిపోయింది నాకు.

ఆవిడ మాత్రం ఆగలేదు. "కావాలంటే ఇది నింపండి" అని ఒక కాగితం, కలం ఇచ్చారు. హెప్సిబా సైటులో పెట్టిన ఫారమే, అచ్చు తీయించారు. పదహారు గళ్లు. ఇందుమతి గారు నిలబడే గోడకి ఆనించి మొదటి గడిలో పేరు రాశారు. రెండో గడి దగ్గర కలం ఆగిపోయింది. అందులో తండ్రి లేదా భర్త పేరు అని ఉంది.

"ఇది వదిలేయొచ్చా?" అన్నారావిడ మెల్లగా.

దీవెనమ్మ గారు జడముడిలోంచి ఎర్ర పెన్సిలు తీసి, ఖాళీగా ఉన్న ఆ గడి చుట్టూ గీత గీశారు. "వదిలితే ముందుకు పోదండి."

ఇందుమతి గారు కలానికి మూత పెట్టి, కాగితం అరుగు మీద ఉంచి, గొడుగు అందుకున్నారు. "వస్తానండి" అన్నారు. కోపంగా కూడా అనలేదు. అలవాటైపోయిన మనిషి అన్నట్టు అన్నారు. మెట్టు దిగారు.

హెప్సిబా లేచింది. ఈసారి దీవెనమ్మ గారు ఆపలేదు.

"అమ్మా, ఒక్క నిమిషం ఆగండి. తప్పు మాది" అంటూ పరుగున వెళ్లి గేటుని రెండు చేతులతో బార్లా తెరిచేసింది. వెళ్లాలనుకుంటే వెళ్లొచ్చు అన్నట్టు. తెరిచి, వెనక్కొచ్చి, కుర్చీ తెచ్చి నీడలో వేసి, కుండలో నీళ్లు ముంచి ఇచ్చింది. ఇందుమతి గారు ఆ తెరిచిన గేటునీ ఆ కుర్చీనీ చూసి, వచ్చి కూర్చున్నారు. నీళ్లు తాగారు. హెప్సిబా ఆ పదహారు గళ్ల కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి కమీజు జేబులో దోపుకుంది. తెల్ల దుప్పటి లాగి అవతల పారేసింది. చుట్టూ చూసింది, ఏమీ దొరకలేదు. వేసుకున్న నీలం చున్నీ తీసి, స్టూలు మీద పరిచి, దాని మీద నా లేసు వేసి మూలలు సర్దింది.

దీవెనమ్మ గారి దగ్గర మొదటి రోజు నేర్చుకునేది అదేనండి. ఒళ్లో నల్ల గుడ్డ వేసుకుంటే గానీ సూది పట్టనివ్వరు. లేసంటే దారం కాదు, దారం వదిలిన ఖాళీలు. వెనక ముదురు రంగు ఉంటేనే అవి కంటికి కనబడతాయి. మేం ఇరవై ఒక్కమందిమీ రోజూ ఒళ్లో నల్ల గుడ్డ వేసుకుని కూర్చుంటాం. ఎనిమిది నెలలపాటు ఆ సైటు చూసి ఒక్కరమంటే ఒక్కరమూ ఆ గుడ్డ ఏదని అడగలేదు. పెద్ద పెద్ద కంపెనీల వాటిలా తెల్లగా, శుభ్రంగా ఉంటుందనుకుంది పిల్ల. మేమూ అలాగే అనుకున్నాం.

నీలం మీద నా తీగ లేచి నిలబడింది. ప్రతి ఆకూ, ప్రతి పండూ విడివిడిగా. ఇందుమతి గారు కుర్చీలోంచి ముందుకు జరిగి, ముట్టుకోవచ్చా అన్నట్టు చూశారు. "ముట్టుకోండమ్మా" అని హెప్సిబా ధర చెప్పేసింది, నదురూ బెదురూ లేకుండా, ఒకే మాట. ఇలాంటిది కొత్తగా అల్లాలంటే ఎన్నాళ్లు పడుతుందో చెప్పింది. కుంకుడు రసంలో ఉతికి నీడన ఆరేయాలని చెప్పింది. తర్వాత నా వైపు చెయ్యి చూపించింది.

"అల్లింది ఈవిడండి. మంగాయమ్మ గారు. ఏడు నెలలు పట్టింది."

నలభై రెండేళ్లు అల్లాను. కొనేవాళ్ల ముందు నా పేరు పలకడం అదే మొదటిసారి. ఏం చెయ్యాలో తెలియక లేచి నిలబడ్డాను. ఇందుమతి గారు వేలితో తీగ వెంబడే పోయి, ఒక గుత్తి దగ్గర ఆగి, "ఇక్కడ ఒక పండు చిన్నదిగా ఉందేమండి?" అన్నారు.

"ఆ రోజు మా మనవరాలికి జ్వరమండి. మనసు అక్కడ లేదు. చూసుకునేసరికి మూడు వరసలు ముందుకెళ్లిపోయాను" అన్నాను. దాచడానికి ఏముంది.

ఆవిడ నవ్వారు. "ఇది నాకు కావాలండి. ఆ చిన్న పండుతో సహా."

ఆ తర్వాత అసలు సంగతి చెప్పారు. భీమిలిలో సముద్రం ఎదురుగా ఆవిడ ఎనిమిది గదుల గెస్ట్‌హౌస్ కడుతున్నారట. గదికి రెండు కిటికీలు. పదహారు కిటికీలకీ గాలి ఆడే లేసు తెరలు కావాలట. మా సైటు చూసింది నాలుగు నెలల కిందటే. అందులో ఉన్న నంబరుకి నాలుగుసార్లు ఫోను చేస్తే ఎవరో ఎత్తి, నేనిప్పుడు ఆ ఊళ్లో లేనండీ అని పెట్టేశారట. అది మా పాత కార్యదర్శి రత్నమ్మ నంబరు. కూతురి దగ్గరికి కాకినాడ వెళ్లిపోయి ఆర్నెల్లైంది. మార్చాలని మాకెవరికీ తోచలేదు. దీవెనమ్మ గారే రత్నమ్మకి ఫోను చేసి, పిలిచినావిడ నంబరు తీసుకుని, స్వయంగా మాట్లాడారు.

"మీ టీచరు గారు రమ్మన్నారు" అన్నారు ఇందుమతి గారు. "గొడుగు తెచ్చుకోండి, అరగంట ఓపిక తెచ్చుకోండి, మా పిల్లలకి ఒకటి చూపించాలి అన్నారు. ఓర్చుకుంటానని మాటిచ్చాను గానీ కొంటానని ఇవ్వలేదు." లేసు అంచు సర్దుతూ మళ్లీ అన్నారు. "ఆ గడి దగ్గర మాత్రం నిజంగానే వెళ్లిపోదామని లేచానమ్మా. నాలుగు నెలల కిందట కూడా అక్కడి నుంచే వెళ్లిపోయాను. అందులో రాయదగ్గ పేరు నాకు లేదు. కిటికీ తెరలు కొనుక్కోవడానికి అది ఎవరికైనా చెప్పుకోవాలా?"

హెప్సిబా మెట్టు మీద కూలబడింది. "నేను పుట్టినప్పటి నుంచి నింపిన ప్రతి కాగితంలోనూ ఆ గడి ఉందండి. ఉండాలి కాబోలనుకున్నాను" అని ఏడ్చింది. నాకూ ఏడుపొచ్చింది. ఇందుమతి గారు ఆ పిల్ల తల మీద చెయ్యి వేసి, పదహారు తెరలూ దసరాకల్లా కావాలి, అల్లగలరా అని అడిగారు. ఇరవై ఒక్కమందిమి ఉన్నామండి అన్నాను నేను. ఆ మాట నా నోట్లోంచే వచ్చింది. సోమవారం వ్యాను దగ్గర దారం తీసుకోవడానికి పేరు రాయించుకున్న నా నోట్లోంచి. ఇందుమతి గారు దారానికని బయానా కూడా ఇచ్చారు. దీవెనమ్మ గారు అప్పుడు లోపలికెళ్లి అందరికీ కాఫీ పట్టుకొచ్చారు.

ఆ రాత్రికే సంఘంలో అందరినీ కూర్చోబెట్టింది హెప్సిబా. తప్పు పడిన వరస మీద ఇంకో వరస వెయ్యకూడదు, అక్కడిదాకా ఊడదీయాలి. అదీ దీవెనమ్మ గారి చేతి కిందే నేర్చుకున్నాం. ఊడదీసేటప్పుడు ప్రాణం ఉసూరుమంటుంది, నాలుగు రోజుల పని నాలుగు క్షణాల్లో దారమైపోతుంది. అలాగే ఊడదీసింది సైటుని. ముఖ్య అతిథి గారిని నేనే తీసేయమన్నాను. పూలకుండీ వెనక సగం మొహం ఉన్నదొక్కటీ ఉంచుదామా అని అడిగాను గానీ, అందరూ నా వైపు చూసేసరికి అదీ పోయింది. ప్రతి లేసునీ ముదురు గుడ్డ మీద పరిచి మళ్లీ ఫోటో తీశారు. ఆ బరువు ఫోటోల్ని తేలిక చేసి, నొక్కగానే తెరుచుకునేలా పెట్టింది. ప్రతిదాని కిందా ధర, అల్లినావిడ పేరు. నింపడానికి రెండే గళ్లు, పేరూ ఫోను నంబరూ. అందులో ఉన్న నంబరుకి చేస్తే హెప్సిబా దగ్గర మోగుతుంది, మోగితే ఎత్తుతుంది. షావుకారికి ధరలు తెలిసిపోతాయి కదా అని ఒకరిద్దరు గొణిగారు. "తెలియనీ. ఆయన మన పనికి ఎంత ఇచ్చాడో మనకీ తెలుస్తుంది" అంది ఆ పిల్ల. ఆదివారం సాయంత్రానికి నెల్లూరు నుంచి ఒకరు, హైదరాబాదు నుంచి ఒకరు, మేమెన్నడూ చూడనివాళ్లు, లేసు కావాలని రాశారు. ఫోను మోగిన ప్రతిసారీ వీధి వీధంతా అరుగుల మీదికొచ్చి నిలబడింది.

సోమవారం వ్యాను వచ్చింది. పిల్లలు కొత్త సంచులు తగిలించుకుని బడికి వెళ్తున్న వేళ, వీధి మొదట్లో ఆగి హారను కొట్టింది. అరుగుల మీద అందరం ఉన్నాం, ఒళ్లో నల్ల గుడ్డలు, వాటి మీద సూదులు. ఎవరూ లేవలేదు. గుమస్తా దిగి, చేతిలో కాగితం చూసి మొదటి పేరు పిలిచాడు. "మంగాయమ్మ గారూ."

హెప్సిబా చటుక్కున తలెత్తి నా వైపు చూసింది. ఆ చూపు నేను చచ్చేదాకా మరిచిపోను. దాక్కుందామని ఒక్క క్షణం అనిపించింది. లేచి, నా ఒళ్లోని లేసు అలాగే చేత్తో పట్టుకుని, వ్యాను దాకా నడిచాను.

"ఆ పేరు గలావిడ పనిలో ఉందండి" అన్నాను. "మా దారం మాకుంది. షావుకారు గారికి నమస్కారాలు చెప్పండి."

వెనక ఎవరో నవ్వారు. తర్వాత వీధంతా నవ్వింది. గుమస్తా ఇంకో మూడు పేర్లు పిలిచి, జవాబు రాక, కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. ముందు వెళ్లిపోయిన ఐదుగురిలో ఇద్దరు గుమ్మం దిగలేదు, ముగ్గురు వ్యాను దగ్గరిదాకా వచ్చి, దారం ముట్టుకోకుండా తిరిగొచ్చి మా అరుగు మీద కూర్చున్నారు. దారం ఎంత పట్టుకొచ్చిందో అంతా పట్టుకుని వ్యాను వెనక్కి తిరిగింది. హెప్సిబా నా పక్కకొచ్చి నా భుజానికి తల ఆనించింది.

మధ్యాహ్నం దీవెనమ్మ గారి అరుగు మీద ముగ్గురమే ఉన్నాం. భీమిలి తెరల మొదటి వరస ఆవిడే వేస్తున్నారు. అంత సంతోషంలోనూ హెప్సిబాకి మనసులో ఒకటి మిగిలిపోయింది.

"టీచరమ్మా, ఆ సాయంత్రం మీరు ఫోను చూసినప్పుడే అన్నీ తెలిసిపోయాయి కదండీ మీకు. ఇదిగో ఇది తప్పు, ఇది తప్పు అని నాకు అప్పుడే చెప్పేస్తే సరిపోయేది కదా. అంత ఎండలో ఆవిడని నిలబెట్టడం ఎందుకండి?"

దీవెనమ్మ గారు వరస పూర్తి చేసి, సూది ఒళ్లో పెట్టి, కళ్లజోడు పైనుంచి వీధి వైపు చూశారు.

"ఎండెక్కింది. గేటు దగ్గర ఎవరైనా నిలబడ్డారేమో చూడమ్మా" అన్నారు.